మీ మాట విన్నాం

బుధవారం సాయంత్రం ఆరున్నరకి యూనిటేరియన్ సంఘం అనే చర్చి కింది గదిలో పదకొండు కుర్చీలు గుండ్రంగా వేసి ఉన్నాయి. మధ్య బల్ల మీద ఒక దీపం, దాని పక్కన మిసిసిపీ నది ఒడ్డున ఏరిన నున్నటి రాయి. గోడవారగా పెద్ద గిన్నెలో పప్పు సూపు, మూడు రకాల బ్రెడ్డు: మామూలుది, గోధుమ పడనివాళ్ళది, ఎవరూ ముట్టనిది. పెద్దల తరగతి మొదలవబోతోంది. ఈసారి అంశం "మన పొరుగువాళ్ళు ఎవరు?" ఎనిమిది వారాలు.

పెద్దల తరగతి అనగానే పలకా బలపం అనుకోకండి. ఇక్కడ అందరికీ చదువు ఉంది, కొందరికి అవసరాన్ని మించి ఉంది. నేర్చుకునేది మనిషిగా ఎలా బతకాలో.

ఇంకో మాట ముందే చెప్పాలి. వీళ్ళు చెడ్డవాళ్ళు కారు. ఈ కథలో చెడ్డవాళ్ళు ఎవరూ లేరు, అసలు చిరాకు అదే. ఒక్క దుర్మార్గుడున్నా నేరం వాడి మీదకి తోసి మనం హాయిగా కూర్చోవచ్చు. ఈ సంఘంలో దేవుడున్నాడనేవాళ్ళూ, లేడనేవాళ్ళూ, తేల్చడానికి కమిటీ వెయ్యాలనేవాళ్ళూ ఒకే బెంచీ మీద కూర్చుంటారు. ఊళ్ళో ఎవరి హక్కుకి దెబ్బ తగిలినా, గడ్డకట్టే చలిలో నినాదాల అట్టలు పట్టుకుని కోర్టు ముందు నిలబడేది వీళ్ళే.

తరగతి నడిపేది రోవీనా ప్రాట్. నలభై మూడేళ్ళు. పగలు ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీలో టెస్టింగ్ చేస్తుంది, అంటే ఇంకొకళ్ళు రాసినదానిలో తప్పులు వెతికి పెడుతుంది. మొదటి రెండు వారాలూ ఆమె తరగతి చేత ఒప్పందం రాయించింది. ఇక్కడ ఏ తరగతైనా ఒప్పందంతోనే మొదలవుతుంది, కొన్ని దానితోనే అయిపోతాయి కూడా. పసుపు కాగితాలు గోడ నిండా అంటించి, పీకి, మళ్ళీ అంటించి, చివరికి తేల్చింది ఇది. రాయి ఎవరి చేతిలో ఉంటే వాళ్ళే మాట్లాడాలి. వాళ్ళకి ఎవరూ బదులు చెప్పకూడదు, సలహా ఇవ్వకూడదు, వాళ్ళ కష్టాన్ని బాగుచెయ్యబోకూడదు. చెప్పడం అయ్యాక అందరూ కలిసి "మీ మాట విన్నాం" అనాలి. ఇంకొకటి: వలయంలో అన్నది వలయంలోనే ఉండాలి. గది దాటాక ఆ ఊసు ఎత్తకూడదు, అన్నవాళ్ళ దగ్గరైనా సరే.

ఈ నియమాలు ఊరికే పుట్టలేదు. రెండేళ్ళ కిందట ఇదే గదిలో, భర్త పోయిన ఒకావిడ నోరు విప్పి దుఃఖం చెప్పుకుంటే, పది నిమిషాల్లో ఆవిడకి పిల్లిని పెంచుకోమనీ, మెగ్నీషియం బిళ్ళలు వేసుకోమనీ, పాలు మానెయ్యమనీ సలహాలు వచ్చాయి. ఆవిడ మళ్ళీ గుమ్మం తొక్కలేదు. ఆ సిగ్గుతో రాసుకున్నారు. కాబట్టి మంచి నియమాలే.

మూడో వారం రాయి విన్నీ థార్సన్ చేతికి వచ్చింది.

విన్నీకి డెబ్బై రెండు. ముప్పై ఏళ్ళు బడి బస్సు నడిపింది. షుగరు ముందు కళ్ళని పట్టుకుని బండి తోలకుండా చేసింది, తర్వాత కిడ్నీలని పట్టుకుంది. ఇప్పుడు వారానికి మూడుసార్లు డయాలిసిస్, ఇరవై రెండు మైళ్ళ అవతల ఆస్పత్రిలో. ఇల్లు మాత్రం సంఘానికి రెండు వీధుల దూరమే, తరగతికి చేతికర్ర పొడుచుకుంటూ నడిచే వస్తుంది.

"నా గురువారం పోయింది," అంది విన్నీ, రాయిని అరచేతిలో తిప్పుతూ. "మంగళవారం, శనివారం నా మేనకోడలు తీసుకెళ్తుంది. గురువారం దానికి డ్యూటీ. ఆ రోజు మా పక్కింటి హ్యాంక్ చూసుకునేవాడు, పాపం. ఇప్పుడు ఆయనకే తుంటి మార్చారు. వాకరు పట్టుకుని వంటింటి దాకా వెళ్తే ఆయనకి పండగ. టాక్సీవాణ్ణి అడిగితే ఎనిమిదింటికి ముందు రానన్నాడు. రేపు పొద్దున ఆరున్నరకి నేనక్కడ ఉండాలి. ఎలా వెళ్తానో నాకు తెలీదు. అదీ బాబూ, నా పొరుగువాళ్ళ సంగతి."

అందరూ విన్నీ చేతిలోని రాయి వైపే చూశారు. మాట్లాడకూడదు కదా.

"మీ మాట విన్నాం," అన్నారు పదిమందీ.

రాయి ట్రెవర్ చేతికి వెళ్ళింది. ట్రెవర్ కాలేజీలో సామాజిక శాస్త్రం చెప్పి రిటైరయ్యాడు. "పొరుగు అనేదానితో నా సంబంధం చిన్నప్పట్నుంచీ కొంచెం చిక్కుగానే ఉంది," అని మొదలుపెట్టి పదకొండు నిమిషాలు మాట్లాడాడు. ఆయన మాట కూడా విన్నారు.

తరగతి అయ్యాక రోవీనా వంటగదిలో సూపు గిన్నె కడుగుతూ, పక్కన చెంచాలు తుడుస్తున్న విన్నీ వైపు తిరిగింది.

"విన్నీ, రేపు..." అని ఆగిపోయింది. గది దాటేశారు. నియమం రాసిందే తను.

"రేపు ఏంటమ్మా?"

"రేపు మళ్ళీ మంచు పడుతుందంటున్నారు."

"పడనీ. మార్చిలో పడకపోతే జూలైలో పడుతుందా," అంది విన్నీ.

విన్నీ కూడా ఇంకేం అనలేదు. చెప్పాల్సింది వలయంలో చెప్పేసింది. విడిగా ఒకర్ని పట్టుకుని అడిగితే ఒప్పందం మీరినట్టవుతుందేమోనని ఆవిడ భయం. పైగా ముప్పై ఏళ్ళు ఊరి పిల్లల్ని మోసిన మనిషికి, నన్ను మొయ్యండి అని అడగడం అలవాటు లేదు.

ఆ గురువారం ఆమె పొద్దున్నే కోటు వేసుకుని, కిటికీ దగ్గర కూర్చుని, తొమ్మిదింటికి కోటు విప్పేసింది.

నాలుగో వారం రాయి మళ్ళీ వచ్చింది. "పోయిన గురువారం వెళ్ళలేదు," అంది విన్నీ. "శనివారం వెళ్తే అక్కడి నర్సు చెడామడా తిట్టింది. ఎగ్గొట్టడానికి ఇదేమైనా లెక్కల క్లాసా అంది. ఎగ్గొట్టలేదు తల్లీ, రెక్కల్లేవు అన్నాను. రేపు మళ్ళీ గురువారం. వారానికొకటి తగలడుతుంది కదా."

కొందరు నవ్వారు. తర్వాత "మీ మాట విన్నాం" అన్నారు, ఈసారి మరింత మెత్తగా. రోవీనా కళ్ళు తుడుచుకుంది. ఇంటికెళ్ళి ట్రెవర్, పల్లెటూళ్ళలో రవాణా సౌకర్యాల లేమి గురించి నలభై పేజీల వ్యాసం అందరికీ పంపాడు. ఎందుకు పంపుతున్నాడో రాయకూడదు కాబట్టి, "ఊరికే, ప్రత్యేకంగా కారణమేమీ లేదు" అని రాశాడు.

ఐదో వారం రాయి తిప్పలేదు. ఆ రోజు ఊరి వనరుల పటం గియ్యాలి. పెద్ద కాగితం నేల మీద పరిచి, అందరూ మోకాళ్ళ మీద కూర్చుని రంగు పెన్నులతో గీస్తున్నారు. లైబ్రరీ నీలం, బళ్ళు పసుపు, ఆస్పత్రికి పోయే రోడ్డు ఆకుపచ్చ. విన్నీ కుర్చీలో కూర్చుని తల వంచి చూసింది. చీలమండలు ఉబ్బి బూట్ల తాళ్ళు కట్టుకోలేదు. అది అందరికీ కనిపిస్తూనే ఉంది.

"ఏం గీస్తున్నారు పిల్లలూ?"

"మన ఊళ్ళో ఏమేం ఉన్నాయో అవన్నీ, విన్నీ."

"ఆస్పత్రికి బస్సు గీశారా?"

"బస్సు లేదు కదండీ," అన్నాడు ట్రెవర్.

"అదే చూస్తున్నా. నా కళ్ళకే ఆనట్లేదేమో అనుకున్నాను."

దానికి ఏమనాలో ఒప్పందంలో లేదు. రాయి చేతిలో లేకుండా అన్న మాట కాబట్టి, విన్నాం అని కూడా అనలేకపోయారు. ట్రెవర్ ఆకుపచ్చ పెన్ను మూత పెట్టి ఎర్రది తీసుకున్నాడు.

ఆరో వారం ఒక కుర్చీ ఖాళీ. రోవీనా దీపం వెలిగిస్తుంటే ఫోన్ మోగింది. విన్నీ మేనకోడలు.

"ఇవాళ బుధవారం కదండీ, తరగతికి రాలేనని మీకు చెప్పమంది మా ఆంటీ. శుక్రవారం ఊపిరాడక అంబులెన్సులో తీసుకెళ్ళాం, ఐసీయూలో ఉంది. ఊపిరితిత్తుల్లోకి నీరు చేరిందట. మూడు గురువారాలు పోయాయి కదా, గుండె కూడా దెబ్బతింది. నాకేమీ చెప్పలేదండీ. గురువారాల్ని ఆంటీ వాళ్ళ చర్చివాళ్ళు చూసుకుంటున్నారేమో అనుకున్నాను."

ఆదివారం విన్నీ కనబడకపోతే మంచు వల్ల అనుకున్నారు వీళ్ళు. రోవీనా ఫోన్ పెట్టేసి, విన్నది విన్నట్టు అందరికీ చెప్పింది. చివరి మాటతో సహా.

ట్రెవర్ బల్ల మీది రాయి చేతిలోకి తీసుకున్నాడు. "ముందు ఒకసారి రాయి తిప్పుదామా? ఈ వార్త మనలో ఏం కదిలిస్తోందో..."

"ఏం కదిలిస్తోందా," అన్నాడు గస్ లిండ్‌క్విస్ట్.

అందరూ తలుపు పక్క కుర్చీ వైపు తిరిగారు. గస్ రిటైరైన ప్లంబరు. ఆయన పేరు భార్య రాయించిందని తరగతికి వస్తున్నాడు. ఐదు వారాలుగా రాయి ఎప్పుడొచ్చినా, కాలిన గిన్నె పట్టుకున్నట్టు వెంటనే పక్కవాళ్ళకి అందించేశాడు.

"ఏదీ కదల్లేదయ్యా, అదే గొడవ. బయట పది బళ్ళున్నాయి. ఒక్కటీ కదల్లేదు."

"గస్, రాయి మీ దగ్గర లేదు," అంది రోవీనా, అలవాటు కొద్దీ.

"లేదమ్మా. ట్రక్కు ఉంది నా దగ్గర. పనీపాటా లేనివాణ్ణి. గురువారం పొద్దున ఆరింటికి నేనేం చేస్తానో తెలుసా? కాఫీ తాగుతూ పెరట్లో ఉడతల్ని తిడతాను. ఆవిడ నా పక్కనే కూర్చుని గురువారం, గురువారం అంటే, మీతో పాటు నేనూ విన్నాం అన్నాను. నిజం చెప్పమంటావా? నాకు హాయిగా ఉంది. బాగుచెయ్యబోకూడదని మీరే రాసిపెట్టారు, ఇంక నాకెందుకు అనుకున్నాను. నలభై ఏళ్ళు పైపులు బాగుచేశాను. ఇంట్లో నీళ్ళు కారిపోతున్నాయి మొర్రో అని ఫోన్ చేస్తే, మీ మాట విన్నాను అని పెట్టేసుంటే నన్నేమనేవాళ్ళు?"

"కానీ గస్, ఒప్పందం అందరం కలిసి..." అన్నాడు ట్రెవర్.

"నువ్వు నలభై పేజీలు పంపావు ట్రెవర్. దాని మీద కూర్చుంటే ఆస్పత్రికి వెళ్తుందా అది?"

ఎవరో ఫక్కున నవ్వి, వెంటనే నోరు మూసుకున్నారు. ట్రెవర్ ముఖం ఎర్రబడింది. కోపంతో కాదు.

రోవీనా గోడ మీది పసుపు కాగితాల వైపు చూస్తూ నిలబడింది. "ఆఫీసులో అయితే దీన్ని ఒక్క పూటలో పట్టుకునేదాన్ని," అంది నెమ్మదిగా. "విడివిడిగా చూస్తే రెండూ మంచి నియమాలే. లోపల ఉంటే బదులు చెప్పకూడదు. బయటికొస్తే ఊసెత్తకూడదు. మరి ఆవిడకి బదులు ఎక్కడ చెప్పాలి? చోటే ఉంచలేదు మనం. అంత మర్యాదగా ఒక మనిషిని గదిలో పెట్టి తాళం వేశాం. రాసింది నేనే."

"రేపు గురువారం," అన్నాడు గస్, టోపీ తీసుకుంటూ. "ఐసీయూలో చూడనిస్తారో లేదో తెలీదు. వెళ్తున్నాను. వచ్చేవాళ్ళు రండి."

మర్నాడు పొద్దున ట్రక్కులో ఇద్దరే వెళ్ళారు, గస్, రోవీనా. తక్కినవాళ్ళకి పనులున్నాయి. ఉంటాయి. విన్నీ ముక్కుకి గొట్టాలతో, చిక్కిపోయి, మంచంలో ఒక మూలకి ఉంది. గొంతు మాత్రం అదే.

"ఎవరది, రోవీనానా? రాయి తెచ్చావా?"

రోవీనా ఏడవకూడదనుకుని వచ్చింది. కుదర్లేదు. "మీరు ఒక్కసారి సూటిగా అడిగుంటే," అనేసింది. ఆ మాట నోట్లోంచి రాగానే తనకే సిగ్గేసింది.

విన్నీ కొంచెంసేపు ఊపిరి కూడగట్టుకుంది.

"ఇంతకన్నా సూటిగా ఎలా అడుగుతారమ్మా? బస్సులో ఒక పిల్ల, నాకు కడుపులో తిప్పుతోంది అంటుంది. వాంతి చేసుకుంటానని అర్జీ పెట్టు అన్నానా నేను? బండి పక్కకి ఆపేదాన్ని. నేను చెప్పలేదని మాత్రం అనకు. మీ అందరి నోటితోనే కదా, విన్నాం అన్నారు."

గస్ కిటికీలోంచి పార్కింగు వైపు చూస్తూ నిలబడ్డాడు. "మీరు ఇంటికొచ్చాక మీ మేనకోడల్ని నిద్రపోనివ్వండి. మూడు రోజులూ మేం చూసుకుంటాం," అన్నాడు.

"ఎవరు మేం?"

"ముందు నేను. తర్వాతవాళ్ళని పట్టుకుంటాను."

పట్టుకున్నాడు కూడా. ఏడో వారం ఆయన, విన్నీని తీసుకెళ్ళే వంతుల కోసం ఒక కాలెండరు తెచ్చి బల్ల మీద పడేశాడు. దీన్ని సరిగ్గా నడపడానికి ముగ్గురు సభ్యుల ఉపసంఘం ఒకటి ఉంటే బాగుంటుందని ఎవరో అన్నారు. "పెన్ను ఉంటే చాలు," అన్నాడు గస్. ట్రెవర్ వచ్చే నెల మంగళవారాలన్నిటి మీదా తన పేరు రాశాడు. ఆయన కారు నత్తతో పందెం వేసినట్టు పోతుంది కాబట్టి అరగంట ముందే బయల్దేరాలని కింద ఇంకెవరో రాశారు. ఒప్పందాన్ని చింపెయ్యలేదు. బదులు చెప్పకుండా వినడం ఇప్పటికీ మంచిదే. రోవీనా దానికి ఒక్క వాక్యం కలిపింది: రాయి బల్ల మీదకి చేరాక, ఎవరికి ఏం కావాలో అడగకుండా ఎవరూ కోటు వేసుకోకూడదు.

అయినా పోయింది పోయింది. విన్నీ గుండె సగం బలంతోనే కొట్టుకుంటోంది. రెండు వీధులు నడిచి రావడం ఇక ఈ జన్మలో లేదని డాక్టరు చెప్పేశాడు. నియమం చేసిన నష్టాన్ని కొత్త నియమం పూడ్చదు. ఈ సంగతి మంచివాళ్ళందరూ కాస్త చెవిన వేసుకుంటే బాగుంటుంది.

ఎనిమిదో వారం, ఆఖరి తరగతికి, గస్ ఆమెని ట్రక్కులో తీసుకొచ్చాడు. ఈ ఎనిమిది వారాల్లో ఏం నేర్చుకున్నామో ఒక్కొక్కరూ చెప్పాలి. చాలామంది చాలా చెప్పారు. విన్నీ వంతు వచ్చింది.

"గోడలకి చెవులుంటాయంటారు, పిల్లలూ," అంది విన్నీ. "ఉంటే ఉండనీ. గోడ వింటుంది, అక్కడే నిలబడుతుంది, దాని పని అది. మనిషికి చెవులతో పాటు కాళ్ళు కూడా ఉన్నాయి. విన్నాక లేవడానికే."