సలోమి టీచరు పైదవడ

ఆ కొల్లేటి లంకలో సలోమి టీచరు పొద్దున్నే చర్చి నూతి దగ్గర నిలబడి కీర్తన ఎత్తుకునేది. అడుగునున్న నీళ్లు మెల్లగా పైకొచ్చి గట్టుకు జానెడు కిందన ఆగేవి. ఆడవాళ్లు వంగి చెంబులతో ముంచి బిందెలు నింపుకునేవారు. ఎండాకాలం రెండు చరణాలు ఎక్కువ పాడాల్సొచ్చేది, అంతే.

యాభై నాలుగో ఏట ఆమెకు కుడివైపు పైదవడలో వెనక పళ్లు మూడు ఊడాయి. కట్టుడు పళ్లు పాట మధ్యలో జారిపోయేవి. మాట తుస్సుమనేది, నీళ్లు సగం దాకా వచ్చి దిగిపోయేవి. కొన్నాళ్లు ఆమె దగ్గర పాట నేర్చుకుంటున్న ఇందు అనే అమ్మాయితో పాడిద్దామని పాస్టరుగారు మెత్తగా అన్నారు. ఆ వారమే సలోమి ఏలూరు బస్సెక్కింది.

అక్కడి పళ్ల డాక్టర్ రమ్యశ్రీ స్కానింగు చూసి దాచకుండా చెప్పింది. దవడ ఎముక అరిగి మూడు మిల్లీమీటర్లే మిగిలింది, కొత్త పంటిని పట్టి ఉంచే స్క్రూ అందులో నిలబడదు. చిగుళ్లు పెద్దగా కోయక్కర్లేదు. చిన్న రంధ్రం చేసి, సెలైన్ నీటి ఒత్తిడితో ఎముకకు పైన, ముక్కు పక్క గాలి గదికి అడుగున ఉండే పొరను పైకి లేపి, ఆ ఖాళీలో ఎముక పొడి నింపితే ఆరు నెలల్లో గట్టిపడుతుంది. కానీ ఈమె పొర ఉల్లిపొరలా ఉంది. చిరిగితే ఆపేయాలి.

"మొదలుపెట్టండి డాక్టరుగారూ," అంది సలోమి.

మత్తిచ్చి రంధ్రం చేశాక రమ్యశ్రీ సిరంజి నొక్కింది. నీరు వెనక్కి తన్నింది. రెండోసారీ అంతే. ఇంకా నొక్కితే పొర పోతుందని ఆమె చెయ్యి ఆగిపోయింది. ఈ రోజుకు వదిలేద్దామా అని అడిగింది.

సలోమి తల అడ్డంగా ఊపింది. తెరిచిన నోరు తెరిచినట్టే ఉంచి, గొంతులోంచి సన్నగా రాగం తీసింది. నొక్కకుండానే సిరంజిలో నీరు కదిలింది. చుక్క చుక్కగా లోపలికెక్కి పొరను చిరగకుండా లేపింది. పక్కనున్న గ్లాసులో నీళ్లు కూడా అంచు దాటబోతుంటే నర్సు గ్రేస్ దాని కింద పళ్లెం పెట్టింది. రమ్యశ్రీ ఎముక పొడి నింపి కుట్టేసింది.

ఆరు నెలలు సలోమి ఆ వైపు నమలకుండా, గట్టిగా తుమ్మకుండా గడిపింది. ఎముక పది మిల్లీమీటర్లయింది. స్క్రూలు బిగిశాయి, మరో మూడు నెలలకు వాటి మీద పళ్లు వచ్చాయి. ఆ ఆదివారం నూతి దగ్గర ఆమే కీర్తన ఎత్తింది, ఇందు వంత పాడింది, నీళ్లు మళ్లీ గట్టుకు జానెడు కిందన ఆగాయి.

సోమవారం రమ్యశ్రీ ఫోను చేసింది. తాడేపల్లిగూడెం నుంచి కనకరాజుగారని ఒక పెద్దాయన వస్తున్నారట. ఆయన పొర ఇంకా పల్చన. రెండు చోట్ల కాదన్నారట.

"బుధవారం మీకు వీలవుతుందాండీ?"

సలోమి క్యాలెండరులో బుధవారం చుట్టూ సున్నా చుట్టింది.

"బడి అయ్యాక వస్తానండి. ఆయనకు ఏ పాట ఇష్టమో కనుక్కుని ఉంచండి."