అలిగే టేపు

పొద్దున్నే షెడ్డు తలుపు తీయడం, రంపపు పొట్టు ఊడవడం, టేపు ఒకసారి లాగి చూసుకోవడం వడ్రంగి భార్యకి అలవాటు. ఆయన పోయినా అలవాటు పోలేదు. ఆ టేపుది ఒక తిక్క. కొలత తప్పు చదివితే డబ్బాలోకి తిరిగి పోదు. సరిగ్గా చదివేదాకా నాలుక బయటపెట్టుకుని పడుంటుంది. ఆయన ఉన్నప్పుడు ఒక్కోసారి దాన్ని అలాగే ఈడ్చుకుంటూ భోజనానికి వచ్చేవాడు. పాలవాడు దాన్ని దాటుకుని వచ్చి, "ఇవాళేం తప్పు చదివారు?" అని అడిగి, పాలు పోసి పోయేవాడు.

ఇప్పుడు ఆ షెడ్డు మీద మరిది కన్ను పడింది. అతనిది టైర్ల కొట్టు. పాత టైర్లు పడేసుకోడానికి చోటు కావాలి.

"వదినా, రంపం పట్టావు, చిత్రిక పట్టావు, బాగానే ఉంది. కొలత తీయడం రాకపోతే పనెవరిస్తారు? రొట్టెల కొట్టువాళ్లు రెండు గోడల మధ్యకి అల్మారా అడిగారుగా. అది సరిగ్గా దూరితే షెడ్డు నీది. దూరకపోతే తాళంచెవి నాకు."

"సరే. నువ్వూ రా, చూద్దువుగాని" అంది ఆవిడ.

రొట్టెల కొట్టావిడ పిండి చేతులతోనే సామాను పక్కకి జరిపింది. మరిది ఆగలేక తనే వంగి, అడుగున ఈ గోడ నుంచి ఆ గోడకి టేపు పరిచి, "నలభై ఐదంగుళాలు" అన్నాడు. టేపు కదల్లేదు.

"మరి డబ్బా ఎవరు కలుపుతారు, మీ తాతా?" అంది వదిన. "డబ్బాని గోడకి ఆనించావు కదా. దాని పొడవు మూడంగుళాలు, వీపు మీద రాసే ఉంది. మొత్తం నలభై ఎనిమిది."

టేపు అయినా కదల్లేదు. మరిది కిసుక్కున నవ్వాడు.

"ఇది చెడిపోయింది వదినా. కొస కొక్కెం కూడా వదులైపోయి ఊగుతోంది చూడు. రెండు దెబ్బలేస్తే బిగుస్తుంది" అని సుత్తి అందుకున్నాడు.

ఆవిడ అతని చెయ్యి పట్టేసుకుంది. "సుత్తి అవతల పెట్టు. మీ అన్న కూడా కొత్తలో ఇదే తెలివి చూపించి ఒక టేపు పాడుచేశాడు. ఆ కొక్కెం ఊగాలి. దాని మందం ఎంతో అంతే ఊగుతుంది. చెక్క అంచుకి తగిలించి లాగితే బయటికి జరుగుతుంది, గోడకి ఆనిస్తే లోపలికి జరుగుతుంది. ఎలా కొలిచినా లెక్క తేడా రాకూడదని."

"మరి ఎందుకలిగింది?"

"మనం ఒక్కచోటే చూశాం కాబట్టి."

ఆవిడ స్టూలెక్కి పైన కొలిచింది. అంగుళాల మధ్య గీతలు వేలితో తడుముకుంది. పొడుగు గీత అర, దానికన్నా పొట్టివి పావూ ముప్పావూ. "డబ్బాతో కలిపి నలభై ఏడూ ముప్పావు." ఊహూఁ, కదల్లేదు. దిగి నడుమెత్తులో కొలిచింది. "నలభై ఏడున్నర."

టప్! వేలు తెగేంత జోరుగా లోపలికి పోయింది.

"గోడకి బొజ్జ వచ్చింది అక్కా," అంది రొట్టెల కొట్టావిడ, "అచ్చం మా ఆయనలాగే."

"ఇరుకు చోటే అసలు కొలత" అంది ఆవిడ. పావంగుళం వదులుంచి, నలభై ఏడుంపావుకి అల్మారా చేసింది.

బిగించే రోజు మరిది చేతులు కట్టుకుని గుమ్మంలో నిలబడ్డాడు. అల్మారా అంచు గోడ బొజ్జ దగ్గరికి రాగానే ఊపిరి బిగబట్టాడు. సొరుగు తన అరలోకి పోయినట్టు అది మెత్తగా లోపలికి పోయి కూర్చుంది. రొట్టెల కొట్టావిడ ఈలేసింది.

మర్నాడు మరిది షెడ్డుకొచ్చాడు. "షెడ్డు నీదే వదినా, కాదన్నానా? ఒక మూల మాత్రం నా టైర్లకి" అంటూ టేపు తీసి గోడ వారగా లాగాడు. "ఇక్కణ్ణించి నాలుగడుగులు నావి."

టేపు కదల్లేదు.

"మూడు." కదల్లేదు. "పోనీ, అడుగున్నర?"

ఆవిడ ఉలికి పదును పెట్టుకుంటోంది, తలెత్తలేదు. "సరిగ్గా చదువు అబ్బాయ్."

పాలవాడు టేపు దాటుకుని వచ్చాడు. "ఏం తప్పు చదివారు బాబూ?"

మరిది టేపు వంక చూశాడు, వదిన వంక చూశాడు.

"ఇక్కడ నాదేం లేదు."

టప్!