సీట్లు నిండినవి

ఆ ఇంటి ముందు ఒక బోర్డు ఉండేది. 'ఇచ్చట టైపు నేర్పబడును' అని పెద్ద అక్షరాల్లోనూ, దాని కింద 'సీట్లు నిండినవి' అని అంతకంటే పెద్ద అక్షరాల్లోనూ రాసి ఉండేది. లోకంలోని టైపు మిషన్లన్నీ తూకానికి అమ్ముడుపోయి, ఆ ఇనుముతో మేకులు చేసి, ఆ మేకులు కూడా తుప్పుపట్టి రాలిపోయిన కాలంలో, ఆ ఒక్క ఇంట్లో మాత్రం ఏళ్ల తరబడి సీటు ఖాళీ లేదు.

బోర్డు ఆలోచన ఇల్లు నడిపే ఆవిడది. లోపలున్న ఆడవాళ్లెవరూ టైపు కోసం వచ్చినవాళ్లు కారు. మొగుడి చేతి కింద నుంచి కొందరు, అన్నదమ్ముల కోపం నుంచి కొందరు, కట్టుబట్టలతో పారిపోయి వచ్చి తలదాచుకున్నవాళ్లు. వాళ్లక్కడ ఉన్నట్టు ఈగకి కూడా తెలియకూడదు. అందుకని ఆవిడ పాత సామాన్ల అంగడిలో ఒక టైపు మిషను సంపాదించి, రోజూ మధ్యాహ్నం వీధి కిటికీ పక్కన కూర్చుని టకటక కొట్టేది. ఆవిడకి వచ్చింది ఒక్కటే లైను. దాన్నే మళ్లీ మళ్లీ కొట్టేది. 'ఎవడికి అనుమానం వస్తుంది?' అనుకునేది. పిల్లి కళ్లు మూసుకుని పాలు తాగేటప్పుడు సరిగ్గా అలాగే అనుకుంటుంది.

ఆవిడ అసలు పేరు ఇంట్లో ఎవరికీ గుర్తులేదు. వీధి తలుపు గడియ వేసి, వేశానా లేదా అని చూసి, చూశానా లేదా అని మళ్లీ వచ్చి చూసే మనిషి గనక గడియమ్మ అనేవారు. పడుకున్నాక ఆవిడ ప్రాణం సగం మంచం మీదా సగం గడియ మీదా ఉండేదని వాళ్ల హాస్యం.

ఇలాంటి ఇళ్లు నడిపే పై ఆఫీసువాళ్లు ఆవిడకి పెట్టిన నియమం ఒక్కటే. ఈ ఇల్లు ఏమిటో బయటివాళ్లలో ఒక్కరికి తెలిసినా సరే, అందరూ మూటా ముల్లే సర్దుకుని వేరే ఊరికి మారిపోవాలి. అలా ఇదివరకు రెండిళ్లు మారింది. మారిన ప్రతిసారీ ఎవరో ఒకామె విసిగిపోయి, 'ఈ పరుగుకంటే ఆ దెబ్బలే నయం' అని తిరిగి వెళ్లిపోయింది. అలా వెళ్లిన ఒకామె సంగతి తర్వాత కబురుగా తెలిసింది. ఆ కబురు గడియమ్మ ఎవరికీ చెప్పలేదు.

ఇప్పుడు పైగదిలో ఉన్న అమ్మాయిని చూస్తే ఆవిడకి అదే భయం. ఆ అమ్మాయిని మొగుడు ఇదివరకే రెండుసార్లు వెతికి పట్టుకున్నాడు. దగ్గరికి రాకూడదని కోర్టు చెప్పింది, వస్తే పట్టుకుపోతామని పోలీసులూ చెప్పారు. కానీ ఫిర్యాదు ఆ అమ్మాయి నోటితోనే రావాలట. రెండుసార్లూ ఫోను చేతికిస్తే, అటువైపు 'హలో, హలో' అంటున్నా ఈమె గొంతు పెగల్లేదు.

"అక్కా, ఒక్కటి చెప్తా, తిట్టకు," అని వచ్చిన వారమే చెప్పింది. "ఇక్కణ్ణుంచి కూడా కదలాల్సి వస్తే నేను కదల్ను. అతను రమ్మంటే వెనకాలే పోతా. ఇంక పరుగెత్తే ఓపిక లేదు."

ఆ మాట గడియమ్మ గుండెలో ముల్లులా దిగబడి ఉంది.

ఆ రోజు పొద్దున్న టిఫిన్ గిన్నెలు కడుగుతుండగా పైనుంచి ఆ అమ్మాయి మెల్లగా దిగివచ్చింది. ముఖంలో నెత్తుటి చుక్క లేదు.

"వచ్చాడు," అంది.

గడియమ్మ తడిచేతులతోనే పైకి పరుగెత్తి తెర సందులోంచి చూసింది. వీధి మొగలో ఒక మనిషి. నీలం చొక్కా, చేతిలో ఫోను. ఆ అమ్మాయి ఆసుపత్రికి వెళ్లిన రోజు ఎవరో చూసి ఈ వీధి సంగతి అతని చెవిలో ఊది ఉంటారు. ఇల్లేదో తెలియదు కాబట్టి కొట్టు కొట్టుకీ వెళ్లి ఫోటో చూపించి అడుగుతున్నాడు.

ఆవిడ పై ఆఫీసుకి ఫోను చేసింది. వ్యాను బయలుదేరుతుందన్నారు. అది వచ్చేలోగా అతను తలుపు దగ్గరికి వచ్చేస్తాడు. వచ్చినా ఫరవాలేదు, గడియ ఉంది. వీధిలో ఒక్కరు వేలెత్తి చూపిస్తేనో?

అతను ముందు టీకొట్టు దగ్గర ఆగాడు. టీకొట్టావిడ గొంతు సంగతి వీధికంతా తెలుసు, ఆవిడ గుసగుసలాడితే పక్కవీధిలో కుక్కలు లేచి కూర్చుంటాయి. ఆవిడ కళ్లజోడు పెట్టుకుంది, తీసింది, తుడిచి మళ్లీ పెట్టుకుంది.

"చూశాను నాయనా!" అంది.

గడియమ్మ కిటికీ చువ్వ పట్టుకుంది.

"ఎందుకు చూళ్లేదూ! ఇదిగో ఈ బల్ల మీదే కూర్చుని టీ తాగింది. సర్కసువాళ్లతో పోతున్నా పిన్నీ, ఏనుగులకి తిండి పెట్టే ఉద్యోగం ఇచ్చారు అంది."

"సర్కసా?"

"ఏం, పెట్టకూడదా? ఎవరికో ఒకరికి పెట్టక తప్పదు కదా ఆడదానికి. ఏనుగైతే ఉప్పు తక్కువైందని కంచం విసరదు."

అతను ఆవిణ్ణి ఎగాదిగా చూసి పక్కనున్న ఇస్త్రీ కొట్టుకి వెళ్లాడు. ఇస్త్రీ తాత నోట్లో నువ్వుగింజ నానదని పేరు. పొద్దున్న ఇంట్లో తుమ్మితే సాయంత్రానికి ఊరంతా 'చిరంజీవ' అనేది. గడియమ్మ ఏళ్ల తరబడి ఆయన చెవిన ఒక్క మాట కూడా పడనివ్వలేదు.

"సర్కసా!" అని ఇస్త్రీ తాత పెట్టె పక్కన పెట్టాడు. "ఆ టీకొట్టుదాని మాట నమ్మావా అల్లుడూ? అది నిజం చెప్పిన రోజున సూర్యుడు సిగ్గుపడి దిగిపోతాడు. నేను చెప్తా విను. మీ ఆవిడ ఓడెక్కింది."

"ఓడా?"

"ఈ చేతుల్తో కోటు ఇస్త్రీ చేసిచ్చా. మామూలు ఓడనుకున్నావా? ముందు కొసన వాన పడుతుంటే వెనక కొసన బట్టలు ఆరేసుకుంటారు. వంటవాడు అటు చివరికి అన్నం మోసుకెళ్లేసరికి అది మర్నాటి చద్దన్నం అవుతుంది."

"ఏ రేవు నుంచి ముసలాయనా? సూటిగా చెప్పు!"

"అదే అడిగా. 'అడక్కు తాతా' అంది. పిల్ల అంత నోరు తెరిచి అడక్కన్నాక ఎలా అడుగుతాం?"

సైకిళ్లు బాగుచేసే మనిషి మాటకారి కాదు. ఫోటో వంక చూసి, పానాతో ఊరి బయటికి వెళ్లే రోడ్డు చూపించి మళ్లీ చక్రం తిప్పుకున్నాడు. ఆ ఎదురుగానే మంగలి షాపు.

"వాళ్లంతా కోతలరాయుళ్లండీ," అన్నాడు మంగలి. "అసలు సంగతి నాకు తెలుసు. కూర్చోండి. నిలబడ్డవాళ్లకి నేను సంగతులు చెప్పను, మా ఇంటావంటా లేదు."

అతను కోపంగా కూర్చున్నాడు. మెడకి గుడ్డ చుట్టాడు మంగలి. నురుగు పూశాడు. కత్తి గడ్డం మీద ఉన్నప్పుడు ఎంతటి మొనగాడైనా బుద్ధిమంతుడే. "కథ మా ముత్తాత దగ్గర మొదలవుతుందండీ..." అని అందుకున్నాడు.

పైనుంచి గడియమ్మ అన్నీ చూస్తోంది. ఎవరు నేర్పారు వీళ్లకి? ఎప్పుడు అనుకున్నారు? ఒకరి అబద్ధానికి ఇంకొకరి అబద్ధం అతకదు, కానీ అన్నీ కలిసి ఇంటిచుట్టూ గోడ కట్టేశాయి. ఆవిడ వేసిన గడియ ఆ గోడముందు పిల్లలాటలా ఉంది.

ఇంతలో వెనక సందులోకి వ్యాను వచ్చి ఆగింది.

"చెప్పులేసుకో అమ్మా, వచ్చింది," అంది గడియమ్మ.

ఆ అమ్మాయి కదల్లేదు. తెర సందులోంచి మంగలి షాపు వంకే చూస్తోంది. మంగలి మెడ వెనక గీయడానికి అతని తల కిందికి నొక్కి పట్టుకున్నాడు.

"అక్కా, నడినెత్తిన జుట్టు లేదు," అంది.

"ఏమిటీ?"

"అతనికి. రూపాయంత మేర బోడిగా ఉంది, చూడు. ఇన్నేళ్లు కాపురం చేశా, నాకు తెలీదు. ఎప్పుడూ కింద పడి పైకి చూడ్డమే కానీ పైనించి ఎప్పుడు చూశానూ?" తెర దగ్గరికి ఇంకాస్త జరిగింది. "ఇంతేనా అక్కా? ఇంతే ఉంటాడా?"

నవ్వింది. ముందు ముక్కులోంచి వచ్చింది, తర్వాత నోరు మూసుకున్నా ఆగలేదు. గడియమ్మ ఆ ఇంట్లో ఏడుపుల రకాలన్నీ ఎరుగును. దిండులో ఏడ్చేది, కొళాయి తిప్పి ఏడ్చేది, ఉల్లిపాయల మీద నెట్టి ఏడ్చేది. ఈ నవ్వు మాత్రం ఆవిడ ఎరగదు. మనిషి తనలోంచి తానే లేచి నిలబడుతున్న చప్పుడది. ఆవిడ రెండడుగులు వెనక్కి వేసింది, గుడి తలుపులు తెరిచినప్పుడు వేసినట్టు.

కింద మంగలి ఒక చెంప పూర్తిచేసి, "కత్తి మొండిదైందండీ, సాన పట్టించుకొస్తా," అని తాపీగా టీకొట్టుకి నడిచిపోయాడు. కాసేపటికి అంతా కలిసి తనని ఆడిస్తున్నారని అతనికి అర్థమైంది. మెడకి గుడ్డతోనే వీధిలోకి వచ్చి, ఆ అమ్మాయిని పేరు పెట్టి కేకేశాడు. ఏ ఇంట్లో ఉన్నా బయటికి రమ్మన్నాడు. తర్వాత ఏం చేస్తాడో కూడా చెప్పాడు.

ఆ గొంతు వినగానే ఆ అమ్మాయి నవ్వు ఆగిపోయింది. తెర వదిలేసి గోడవైపు జరిగింది. గడియమ్మ 'అయిపోయింది' అనుకుంది. వ్యానువైపు లాగబోయింది.

"ఫోనివ్వక్కా," అంది ఆ అమ్మాయి.

ఈసారి గొంతు పెగిలింది. పేరు చెప్పింది, కోర్టు సంగతి చెప్పింది, వీధి చెప్పింది. అటువైపు ఆనవాళ్లు అడిగారు.

"నీలం చొక్కా. ఎడమవైపు గడ్డం ఉంది, కుడివైపు లేదు," అంది. "వెతుక్కోనక్కర్లేదండీ. ఊరు మొత్తానికి అలాంటివాడు ఒక్కడే ఉంటాడు."

పోలీసులు వచ్చేదాకా అతనెటూ పోలేకపోయాడు. ఒకవైపు సైకిళ్ల మనిషి రోడ్డుకి అడ్డంగా నాలుగు సైకిళ్లు విప్పి పరిచాడు. రెండోవైపు ఇస్త్రీ తాత దుప్పటి ఒకటి ఆరబెట్టుకుంటూ తీరిగ్గా నిలబడ్డాడు. అతన్ని జీపులో ఎక్కించాక మంగలి వెనకాల పరుగెత్తాడు. "అయ్యా, నా గుడ్డ! నా గుడ్డ తీసుకెళ్తున్నాడు!"

గడియమ్మ తలుపు తీసి వీధిలోకి వచ్చింది. నేరుగా టీకొట్టు దగ్గరికి నడిచింది.

"మీకు... తెలుసా?" అంది.

"ఏం తెలుసు?" అంది టీకొట్టావిడ. "టైపు నేర్పుతారని తెలుసు."

అందరూ పెద్దమనుషుల్లా తలలూపారు. ఇస్త్రీ తాత ఉండబట్టలేకపోయాడు. "అమ్మా, అడగకూడదు గానీ, ఇంకో లైను రాదా మీకు? ఆ టకటక మాకు కంఠతా వచ్చేసింది. నా మనవరాలు దాని మీద గంతులాట కూడా కట్టుకుంది."

గడియమ్మ ముఖం కందిపోయింది. "ఎప్పట్నుంచి?"

టీకొట్టావిడ గొంతు తగ్గించింది. నిజంగానే తగ్గించింది, కుక్కలేవీ లేవలేదు. "మీరొచ్చిన కొత్తలో మీ ఇంట్లో ఒకామె రొట్టె కోసం వచ్చింది. నేను గిన్నె కాస్త గట్టిగా పెట్టా బల్ల మీద. ఆమె చప్పున చెయ్యి అడ్డం పెట్టుకుంది ముఖానికి. ఇంకేం చెప్పాలమ్మా మాకు?"

గడియమ్మ బల్లవైపు చూసింది. గిన్నెలు పెట్టేచోట నాలుగు మడతల మందపాటి గుడ్డ కుట్టి ఉంది. ఏళ్ల తరబడి చూస్తూనే ఉంది దాన్ని. సైకిళ్ల మనిషి ట్యూబులు పగిలే చప్పుడు వినిపించకూడదని గాలి కొట్టే పని పక్కవీధికి మార్చుకున్నాడట. మంగలి తన కుర్చీని గోడవైపు తిప్పేశాడట, కూర్చున్నవాళ్లకి ఈ గుమ్మం కనిపించకుండా. ఆవిడ వచ్చినప్పుడు సంతలా ఉండిన వీధి పోనుపోనూ సద్దుమణిగితే, వీళ్లంతా ముసలివాళ్లవుతున్నారు కాబోలు అనుకుందావిడ. తను వీధిని కనిపెట్టి ఉన్నాననుకుంది. వీధే తనని కనిపెట్టి ఉంది, చెప్పకుండా, అడక్కుండా, ఒక్కనాడూ కన్నెత్తి గుచ్చి చూడకుండా.

అప్పుడు పై ఆఫీసు నుంచి ఫోను వచ్చింది.

"వ్యాను ఖాళీగా తిరిగొచ్చిందేమిటండీ? ఇల్లు సంగతి ఎవరికైనా తెలిసిందా?"

"తెలిసింది," అంది గడియమ్మ.

"ఎంతమందికి?"

"వీధి వీధంతటికీ."

"అయ్యో! అయితే రేపే ఖాళీ చెయ్యాలి. నియమం మీకు తెలుసు కదా!"

గడియమ్మ జవాబు చెప్పబోతుండగా వెనకాల తలుపు చప్పుడైంది. పైగది అమ్మాయి బయటికి వచ్చింది. తలకి ముసుగు లేదు. పట్టపగలు వీధి మధ్యనించి నడిచి టీకొట్టు బల్ల మీద కూర్చుంది. "టీ ఇవ్వు పిన్నీ," అంది.

వీధిలో ఒక్కరూ తల ఎత్తలేదు. ఇస్త్రీ తాత ఇస్త్రీ చేసిన చొక్కానే మళ్లీ ఇస్త్రీ చేస్తున్నాడు. సైకిళ్ల మనిషి చక్రంలో చువ్వలు లెక్కపెడుతున్నాడు. మంగలి ఖాళీ కుర్చీకి దుమ్ము దులుపుతున్నాడు. చూడకుండా ఉండటంలో అంత పనితనం ఉంటుందని గడియమ్మకి అంతవరకూ తెలియదు. అలాంటి పనివాళ్ల మధ్య ఇన్నేళ్లూ కాపురమున్నానా అనిపించింది ఆవిడకి.

"హలో, వింటున్నారా? రేపు ఎన్ని గంటలకి పంపమంటారు వ్యాను?"

"పంపకండి," అంది గడియమ్మ. "ఆ అమ్మాయి టీ తాగుతోంది."