అక్క కళ్ళలో మిగిలిన నీలం

మంగళవారం పొద్దున హిల్లెవి తన బొమ్మలోని సముద్రానికి ఎరుపు పూస్తుంది. మధ్యాహ్నానికి కిటికీ బయటి సముద్రం కూడా ఎర్రబడుతుంది. ఆమె కుంచె కడుక్కుని, రెండింటినీ పక్కపక్కన పోల్చి చూసి, రంగు బాగానే కుదిరిందనుకుంటుంది.

గోథెన్‌బర్గ్‌లో గీత కన్నా రంగే గొప్పదని నమ్మే చిత్రకారుల బృందం ఒకటుంది. అందులో హిల్లెవి ఒక్కతే ఆడమనిషి. పదకొండేళ్ళుగా ప్రదర్శనల్లో ఆమె బొమ్మలు కోట్లు తగిలించే వసారాలోనే వేలాడుతున్నాయి. "నీ రంగులకి పిరికితనమమ్మా," అంటారు గురువు ఎక్‌బ్లాద్, ఏటా అదే మాట. అందుకే ఆమె ఈ దీవికి, అక్క స్వేయా ఇంటికి వచ్చి, భయపడకుండా ఎరుపు పూసింది.

బుధవారానికి ఆ ఎరుపు ఊళ్ళోకి వస్తుంది. ఆకాశం, తలుపులు, పింగాణీ కప్పుల మీది పూలు, హిల్లెవి పెట్టెలోని నీలం రంగు గొట్టాలు కూడా ఎర్రబడతాయి.

ముసలి జాలరి తోర్‌స్టెన్ వచ్చి గుమ్మంలో నిలబడతాడు. అతని వెనక ఊరంతా ఉంది.

"చూడ్డానికి బాగానే ఉంది గానీ హిల్లెవీ, చేపలు దీన్ని సముద్రం అనుకోవటంలేదమ్మా. నిన్నట్నించి వలలోకి ఒక్కటీ రాలేదు. ఇంట్లో పిల్లలు పస్తులున్నారు. మా పాతది మాకిచ్చెయ్."

"నీలం అయిపోయింది బాబాయ్."

"మీ అక్క దగ్గరుందిగా," అంటాడు తోర్‌స్టెన్, ఎంతో మర్యాదగా.

అందరూ స్వేయా కళ్ళలోకి చూస్తారు. నిజమే, అక్కడ ఇంకా ఉంది.

తల్లి పోయాక హిల్లెవిని పెంచింది స్వేయానే. అల్లుతున్న వల పక్కన పెట్టి అడుగుతుంది.

"ఎంత కావాలే?"

"నీళ్ళలో ఒక్క బొట్టు వేస్తే చాలు, సముద్రమంతా అదే పాకుతుంది. కానీ రెండు కళ్ళదీ కలిపితేనే ఒక బొట్టవుతుంది అక్కా."

"ఊరి తిండి కదా. తీసుకో."

హిల్లెవి చెంచాతో తీస్తుంది. స్వేయా అరవదు. చెంచా జారకుండా చెల్లెలి మణికట్టు పట్టుకుంటుంది. కళ్ళు ఉడికిన గుడ్డులా తెల్లబడతాయి. రంగుల పలక మీద నీలం బొట్టు ఒకటి నిలుస్తుంది.

అప్పుడే ఎక్‌బ్లాద్, బృందంలోని మగవాళ్ళందరూ ఈ ఏటి ప్రదర్శనకి బొమ్మలు ఎంచటానికి స్టీమరు దిగి వస్తారు. ఆయన హిల్లెవి బొమ్మ ముందు చాలాసేపు నిలబడతారు. పదకొండేళ్ళలో అంతసేపు ఎప్పుడూ నిలబడలేదు.

"భేష్. ఈ ఎరుపు పక్కన ఒక్క నీలం పడితే, హాల్లో పెద్ద గోడ నీదేనమ్మా."

హిల్లెవి బొట్టుని చూస్తుంది, తోర్‌స్టెన్‌ని చూస్తుంది. ఎక్కువసేపు ఆలోచించదు. కుంచె ముంచి ఆ నీలాన్ని నీళ్ళలో కాక, బొమ్మ అంచున ఎరుపు పక్కన వేస్తుంది. అది ఆరేదాకా ఊరంతా ఓపిగ్గా నిలబడి చూస్తుంది.

"సముద్రం నీలంగా అయిందా?" అంటుంది స్వేయా.

అందరూ ఎర్రగానే ఉన్న నీళ్ళకేసి చూస్తారు.

"అయిందక్కా," అంటుంది హిల్లెవి.

స్వేయా మొహం విప్పారుతుంది. లంగా కుచ్చెళ్ళు ఎత్తిపట్టుకుని, అలవాటైన మెట్లు దిగి, నేరుగా నీళ్ళలోకి నడుస్తుంది. ఊరివాళ్ళు పక్కకి జరిగి దారిస్తారు. ఎరుపు మెడదాకా వస్తుంది. నీళ్ళ మీద తల ఒక్కటే మిగులుతుంది, నవ్వుతూ.

ఎక్‌బ్లాద్ ఒక కన్ను మూసి, బొటనవేలు చాపి కొలుస్తారు.

"తల సరిగ్గా మధ్యలో పడింది. కాస్త జరిగితే బాగుంటుంది."

"అక్కా!" హిల్లెవి ఒడ్డునుంచి కేకేస్తుంది. "కొంచెం ఎడమకి!"

స్వేయా ఎడమకి జరుగుతుంది. ఆమెతో పాటు సముద్రమంతా ఎడమకి జరుగుతుంది. బోసిపోయిన రేవు అడుగున పొడవాటి భోజనాల బల్ల ఒకటి బయటపడుతుంది. కుర్చీల్లో చేపలు నిటారుగా కూర్చుని ఉన్నాయి. వాటి ముందు మనిషి పొడుగు పళ్ళేలు ఖాళీగా ఉన్నాయి. తోర్‌స్టెన్ కోటు విప్పి మడతపెట్టి, బురదలోకి దిగి, మొదటి పళ్ళెంలో వెల్లకిలా పడుకుంటాడు. మిగతావాళ్ళు పిల్లల్ని ఎత్తుకుని తమ వంతు కోసం వరుసలో నిలబడతారు.