ఎండకు పట్టి చూసిన గాజుపలక

మా కంచిలో పట్టునూలుకు రంగులద్దేవాళ్లలో నా అంత నోటిదురుసు మనిషి లేడంటారు. నిజమే. కానీ నా భార్య వడివు రొమ్ములో గడ్డను పరీక్ష చేయించిన డాక్టరు, "క్యాన్సర్ లాగే ఉంది, సోమవారం రొమ్ము తీసేద్దాం" అన్నప్పుడు నేను తలూపేశాను. "ఇంకో డాక్టరుకు చూపించాకే" అన్నది వడివే.

గడ్డలోంచి కోసిన ముక్కకు రంగువేసి అంటించిన గాజుపలకనూ, మిగతా ముక్క ఉన్న మైనపు బిళ్లనూ ల్యాబులో అడిగి తీసుకుని వేలూరు బస్సెక్కాము. ఉండబట్టలేక పలకను కిటికీలో ఎండకు పట్టి చూశాను. రంగులోంచి తీసిన నూలు చిలపనైనా నేనలాగే చూస్తాను.

"రంగు ముదిరిపోయింది వడివూ. ఎవడో తొట్టిలో వేసి మరిచిపోయాడు."

"ఇక్కడా మొదలెట్టావా? నా ప్రాణం నాది, నీ రంగుల గోల నీది!" అని పలకను లాక్కుంది. నవ్వుతూనే అంది గానీ, దాన్ని కొంగులో చుట్టి వేలూరు దాకా వదల్లేదు.

వేలూరులో డాక్టరమ్మ తిలకవతి ముందు కూడా నోరు ఊరుకోలేదు. "అమ్మా, రంగు ముదిరింది" అన్నాను. వడివు నా తొడ గిల్లింది. డాక్టరమ్మ పలకను చాలాసేపు చూసింది.

"నిజమేనయ్యా. మందంగా కోశారు, రంగూ ఎక్కువేశారు. దీన్ని చూసి ఏదీ తేల్చలేం. బిళ్లలోంచి మళ్లీ కోయించి చూస్తాను. ఎల్లుండి రండి."

చెప్పిన రోజున వెళ్లాం గానీ, వడివు లోపలికి రానంది. "నాకు వినే ధైర్యం లేదయ్యా. నువ్వెళ్లి విను" అని బయట బల్ల మీద కూలబడింది.

"క్యాన్సర్ కాదు, క్షయ" అంది డాక్టరమ్మ. "అది ఊపిరితిత్తులకే కాదు, రొమ్ముకూ వస్తుంది. నెలల తరబడి మాత్రలు మింగాలి. రొమ్ము తియ్యక్కర్లేదు. రా, నువ్వే చూడు."

సూక్ష్మదర్శినిలోకి వంగాను. పట్టుపోగు కంటే పల్చగా కోశారట ఆ ముక్కను! లేత నీలం మీద అక్కడక్కడా సన్నటి ఎర్రని పుల్లలు.

"అవే క్షయ క్రిములు. అన్నిటికీ ఎరుపు పట్టిస్తాం, తర్వాత యాసిడ్‌తో కడుగుతాం. తక్కినవన్నీ ఎరుపు వదిలేస్తాయి. ఇవి వదలవు."

నలభై ఏళ్లుగా వదలని ఎరుపు కోసం చేతులు కాల్చుకున్నవాణ్ణి. నా వడివును మింగబోయిన జబ్బు రంగు వదలక దొరికిపోయింది! తర్వాత ఆమె ఇంకో పలక పెట్టింది. దాని నిండా గులాబీ రంగు. "ఇదీ నీ భార్యదే, ఇదంతా మంచి కండ" అంది. ఎంతసేపు చూశానో తెలియదు. ఎవరో వెనక నిలబడి దగ్గితే లేచాను.

బయటికొచ్చి వడివు పక్కన కూర్చుని, "క్యాన్సర్ కాదే. క్షయట, డాక్టరమ్మ సూక్ష్మదర్శినిలో నాకూ చూపించింది. మాత్రలతో పోతుందట" అన్నాను. అంతే, బావురుమన్నాను. ఆమె కాసేపు నా వీపు నిమిరింది. తర్వాత తన కళ్లు తుడుచుకుంది.

"నన్ను చూశావా లోపల?"

"చూశాను."

"ఏం రంగులో ఉన్నాను?"

"గులాబీ. అలాంటి గులాబీ నా తొట్టిలో ఒక్కసారి కూడా రాలేదే."

"ఊరందరి పెళ్లిచీరలకూ రంగులద్దావు, నా చీర ఒక్కదానికైనా అద్దావా? ఇంటికెళ్లి నా చీరకు ఆ రంగు పట్టించు. వచ్చేదాకా నీకు సాంబారు లేదు."