ఊ అనేదాకా

మేస్త్రీ కుడిచెవి స్తంభానికి ఆనించి కళ్లు మూసుకున్నాడు. మూడు జాకీల దగ్గర ముగ్గురు పనివాళ్లూ ఇనుప కడ్డీలు పట్టుకుని బిగుసుకుపోయారు. ఆయన వింటున్నంతసేపూ ఎవరూ కదలకూడదు, దగ్గకూడదు, చెయ్యి మార్చకూడదు. పాత షెడ్డును పైకి లేపుతుంటే కర్ర సర్దుకునే చప్పుడు వేరు, విరగబోయే చప్పుడు వేరు. ఆ తేడా వినాలంటే మనుషులు నోరు మూసుకోవాలి. విన్నాక ఆయన "ఊ" అంటాడు. అప్పుడు ముగ్గురూ ఒకేసారి పావుచుట్టు తిప్పాలి. మళ్లీ చెవి, మళ్లీ నిశ్శబ్దం, మళ్లీ ఊ. ముప్పై తొమ్మిదేళ్లుగా ఇదే పద్ధతి. అందరూ ఆయన్ని ఊ మేస్త్రీ అంటారు. మొహం మీదే అన్నా ఆయనేమీ అనుకోడు, ఊ అంటాడు.

షెడ్డు పుస్తకాలకు అట్టలు కట్టే ఆవిడది. చెక్క గోడలు, రేకుల కప్పు, నాలుగు మూలలా నాలుగు స్తంభాలు, వాటి కింద చుట్టూ దూలం. వెనక ఎడమ మూల నాలుగు వేళ్ల మేర దిగిపోయింది. దాంతో తలుపు పట్టేసేది. కాగితాలు కోసే మిషను వంకరగా కోసేది. నేలమీద పెట్టిన దారపు ఉండ దానంతటదే ఆ మూలకు దొర్లుకుంటూ పోయేది. మిషన్ని పెరట్లోకి తెచ్చి టార్పాలిన్ కప్పారు. మిగతా మూడు మూలలూ ఈ వారంలో బాగుచేశారు. ఇవాళ్టికి మిగిలింది ఇదొక్కటే.

ఆవిడకు అరవై అయిదు దాటాయి. మెడలో తాడుకు చిన్న కత్తెర వేలాడుతుంటుంది, వేళ్ల మీద ఎండిన జిగురు పొలుసులుగా లేస్తుంటుంది. వంటింటి మెట్ల మీద నిలబడి వారం రోజులుగా ఒకటే తిట్లు.

"ఆ పునాది వేసినవాడెవడో గానీ మేస్త్రీ, వాడికి తిన్నది ఎలా అరిగిందో! మూడడుగులు తవ్వడానికి ఒళ్లు వంగలేదా ఆ వెధవకి?"

"వెధవేనమ్మా," అన్నాడు మేస్త్రీ తలెత్తకుండా.

"నేను పురిటికి పుట్టింటికెళ్లాను గానీ, ఇక్కడే ఉంటేనా, దగ్గరుండి తవ్వించేదాన్ని."

"తవ్వించాల్సిందేనమ్మా."

మూడో జాకీ దగ్గరున్న గాభరా కిసుక్కున నవ్వాడు. వాడికి నలభై ఏళ్లు, ఇద్దరు పిల్లల తండ్రి, అయినా ఒంట్లో నిదానమనేదే లేదు. ఊ అని సగం వినపడగానే తిప్పేస్తాడు. అందుకే ఆ పేరు. పదిహేనేళ్లలో మేస్త్రీ చేత వాడు తిన్న చీవాట్లకు లెక్కలేదు. అయినా మర్నాడు పొద్దున్నే అందరికంటే ముందు వచ్చేది వాడే.

ఆవిడ తిడుతున్న వెధవ తనేనని మేస్త్రీకి తెలుసు. అప్పుడాయనకు ఇరవై మూడేళ్లు. ఆవిడ భర్త ఒక కంట్రాక్టరుకు చెబితే, ఆ కంట్రాక్టరు ఈయన్ని పంపాడు. పెళ్లి మూడు రోజుల్లో ఉంది. గుంటలో కనపడేది ఎక్కణ్నుంచో తెచ్చి పోసిన వదులు మట్టేనని తెలిసి కూడా అడుగున్నర లోతులో ఆపేసి, రాళ్లు పేర్చి, పైన నున్నగా పూసి పెళ్లికి పరుగెత్తాడు. రెండేళ్లయ్యాక పునాదులు వేసే పనే మానేశాడు. కుంగినవి లేపే పనిలోకి దిగాడు. ఎందుకని అడిగితే నడుం నొప్పి అని చెప్పేవాడు. కిందటి నెల ఈవిడ వెతుక్కుంటూ వచ్చి ఇంటి గుర్తులు చెబుతుంటే ఆ గుంట ఆయన కళ్లముందు మెదిలింది.

ఆ సంగతి తెలిసిన మనిషి ఆయన భార్య ఒక్కతే. పొద్దున ఎడమ భుజం లాగుతోందంటే నూనె రాస్తూ అంది: "ఇవాళ ఆఖరి రోజు. చెప్పకుండా ఇంటికొస్తే తలుపు తియ్యను."

"చెప్తాలే."

"వారం నుంచీ ఇదే మాట. నన్ను కట్టుకోడానికేగా ఆ పరుగు? కావాలంటే నా మీదకు నెట్టెయ్యి."

ఆయన నవ్వాడు గానీ దారంతా అదే ఆలోచన. షెడ్డు కొత్త రాళ్ల మీదికి దిగేలోపు చెప్పాలి. దిగాక చెబితే, పనికి మెచ్చుకోలు అందుకుంటూ చెప్పినట్టుంటుంది. అది మరీ సిగ్గుచేటు.

మధ్యాహ్నానికి మూల లేచింది. దూలం మీద పెట్టిన మట్టంలో బుడగ నడిమధ్య ఆగింది. అందరూ కూర్చుని డబ్బాలు విప్పారు. ఆవిడ మంచినీళ్లు తెచ్చింది.

"అమ్మా, ఒక మాట..."

"ఏంటి, ఉప్పు చాల్లేదా?"

"ఊ," అన్నాడు మేస్త్రీ. ఆవిడ తెచ్చిన ఉప్పు కలుపుకుని, నోట పెట్టలేని ఆ ముద్దలన్నీ మాట్లాడకుండా మింగాడు. ఇంత పిరికివాణ్ణేంటని తనమీద తనకే ఒళ్లు మండింది.

తిన్నాక పాత పునాది పగలగొట్టడం మొదలుపెట్టారు. నాలుగో దెబ్బకు గాభరా గునపం ఇనుముకు తగిలి ఖంగుమంది. వాడు వంగి, మట్టి దులిపి, పైకెత్తి పట్టుకున్నాడు. తాపీ. పిడి ఎప్పుడో పుచ్చి రాలిపోయింది. ఇనుము మాత్రం తుప్పుతో ఉబ్బి ఉంది.

"మేస్త్రీ! ఇదిగో చూడండి, మెడమీద మూడు గాట్లు! మన గుర్తే! ఇది మన..." అని అరిచి వాడు టక్కున ఆగిపోయాడు.

మేస్త్రీ పనిముట్లన్నిటికీ మెడ దగ్గర ఆకురాయితో గీసిన మూడు గాట్లుంటాయి. ఆ సమయానికి ఆయన చేతిలో ఉన్న సుత్తికీ ఉన్నాయి. మెట్ల మీదున్న ఆవిడ తాపీని చూసింది, సుత్తిని చూసింది, మనిషిని చూసింది.

"నీదా?"

"నాదేనమ్మా."

"ఇది నా పునాదిలో ఉంది. నీదెలా అవుతుంది?"

"ఆ వెధవని నేనేనమ్మా. మూడడుగులు తవ్వాలి. అడుగున్నరకే ఆపేశా. పెళ్లి తొందరలో ఉన్నా."

ఆవిడ మెడలోని కత్తెరను గుప్పిట్లో బిగించింది.

"మా ఆయన ఏమనుకున్నాడో తెలుసా? పాడు స్థలం కొన్న తప్పు తనదే అనుకున్నాడు. ఏటా వానాకాలంలో ఆ తలుపుకు చిత్రిక పడుతూ నాకు క్షమాపణ చెప్పేవాడు. పోయేముందు కూడా చెప్పాడయ్యా."

మేస్త్రీ తిట్లకు సిద్ధపడి వచ్చాడు గానీ ఇలాంటిది ఒకటుంటుందని కలలో కూడా అనుకోలేదు.

"పని పూర్తి చెయ్యి. షెడ్డు దిగాక మాట్లాడతాను," అని ఆవిడ లోపలికి వెళ్లి తలుపేసుకుంది.

గాభరా ఏడుపు మొహంతో దగ్గరికొచ్చాడు. "నా నోరు పడిపోను, మేస్త్రీ."

"ఊరుకోరా. వారం నుంచీ నా నోరే పెగల్లేదు."

ఆ తర్వాత గుంట ఎవర్నీ తవ్వనివ్వలేదు. తనే దిగి మూడడుగులు తవ్వాడు. గట్టి నేల తగిలినా మరో అరడుగు తవ్వాడు. మధ్యలో రెండుసార్లు భుజం పట్టుకుని ఆగాడు. రాతి దిమ్మెలు దింపాక, ఆ పిడి లేని తాపీకే గుడ్డ చుట్టి, పై దిమ్మె మీద సిమెంటు పలచగా పరిచాడు. కొత్త తాపీ అందిస్తే తీసుకోలేదు.

ఎండ వాలేసరికి దింపడం మొదలైంది. మేస్త్రీ బకెట్టు బోర్లించుకుని మూలలో కూర్చున్నాడు. భుజం గోడకు, చెవి స్తంభానికి. తాపీ పక్కనే దూలం మీద పెట్టాడు.

"ఊ."

పావుచుట్టు. దూలం కిర్రుమంది.

"ఊ."

అలా పదకొండుసార్లు. దూలానికీ దిమ్మెకూ మధ్య ఇక మేకు మందం సందు మాత్రమే మిగిలింది. మేస్త్రీ ఒకసారి ఆవిడ మూసిన తలుపు వైపు చూశాడు. చెవి ఆనించి కళ్లు మూసుకున్నాడు.

ముగ్గురూ ఎదురుచూశారు. ఆఖరి చుట్టు కదా, జాగ్రత్తగా వింటున్నాడనుకున్నారు. గాభరా అరచేతులు తిమ్మిరెక్కాయి, మెడ మీదుగా చెమట కారుతోంది. ఇవాళ ఒకసారి చేసిన నిర్వాకం చాలు, ఈసారి మాత్రం ప్రాణం పోయినా ముందు తిప్పనని ఒట్టు పెట్టుకున్నాడు. జన్మలో మొదటిసారి వాడు నిదానంగా నిలబడ్డాడు.

ఇంటి తలుపు తెరుచుకుంది. ఆవిడ మొహం కడుక్కుని, చేతిలో ఒకే ఒక్క టీ గ్లాసుతో వచ్చింది. షెడ్డు గుమ్మంలో ఆగి "ఏమయ్యా..." అంది.

"ష్!" అన్నాడు గాభరా. "వింటున్నారు."

ఆవిడ తల ఊపి అలాగే నిలబడింది. టీ మీద మీగడ కట్టింది. పక్క వీధిలో ఎవరో సైకిల్ బెల్లు కొట్టుకుంటూ పోయారు. పాత చెక్కలోంచి ఒక చీమ బయటికొచ్చి, స్తంభం మీంచి మేస్త్రీ చెంప మీదికి, చెంప మీంచి కనురెప్ప మీదికి పాకింది. రెప్ప మధ్యలో ఆగింది. అటూ ఇటూ చూసుకుని మళ్లీ నడిచింది.

రెప్ప కదల్లేదు.

ఆవిడ చేతిలోంచి గ్లాసు జారి భళ్లున పగిలింది. అంత చప్పుడుకు కూడా మేస్త్రీ కసురుకోలేదు.

వీధి చివరి డాక్టరు వచ్చి, మణికట్టు పట్టుకుని చూసి, అరగంట దాటి ఉంటుందన్నాడు.

"అరగంటా?" అన్నాడు గాభరా. ఆ మాట వాడికి అర్థం కావడానికే కాసేపు పట్టింది. "అరగంట నుంచీ నేను ఎదురుగానే ఉన్నానండీ. కళ్లప్పగించి చూస్తూ ఉన్నా. ఈవిడ పిలవబోతే నేనే నోరు మూయించా." రెండు చేతులతో నెత్తి బాదుకున్నాడు. మిగతా ఇద్దరూ వాడి చేతులు పట్టుకున్నారు. ఎవరికీ ఏమీ నమ్మబుద్ధి కావడంలేదు. ఆయన ఇప్పుడే కళ్లు తెరిచి ఊ అంటాడన్నట్టు మాటిమాటికీ అటే చూస్తున్నారు.

కబురందిన మేస్త్రీ భార్య చెప్పుల్లేకుండా వచ్చింది. ఏడవలేదు. ఆయన నెత్తి మీది రంపపు పొట్టు తుడిచి, ఆవిడ వైపు తిరిగింది.

"చెప్పాడా?"

"చెప్పాడు."

"మీరేమన్నారు?"

ఆవిడ కింద పగిలిన గ్లాసు వైపు చూసింది. "ఏమీ అన్లేదమ్మా. అందామనే టీ పెట్టుకొచ్చాను." అంతవరకూ బిగబట్టుకున్నదంతా ఒక్కసారి తెగి, ఆవిడ గుమ్మంలోనే కూలబడి భోరుమంది.

ఆయన్ని పెరట్లో చాప మీద పడుకోబెట్టారు. షెడ్డు ఇంకా జాకీల మీదే, మేకు మందం ఎత్తులో ఉంది. "దించెయ్యండి," అంది భార్య. "ఆయన ఏ పనీ సగంలో వదల్లేదు. ఒక్కటి తప్ప."

గాభరా ఒక చేత్తో తన జాకీ కడ్డీ పట్టుకుని బకెట్టు మీద కూర్చున్నాడు. స్తంభం మీద మేస్త్రీ చెంప ఆనిన చోట చెమట మరక ఇంకా ఆరలేదు. వాడు అక్కడే చెవి పెట్టాడు. వాడికి తన ఏడుపు తప్ప ఏమీ వినపడలేదు. అయినా కదలకుండా, తను ఎప్పుడూ ఆగనంత సేపు విని, "ఊ" అన్నాడు.

షెడ్డు చప్పుడు లేకుండా కూర్చుంది. ఆవిడ లేచి వచ్చి ఒక్క వేలితో తలుపును నెట్టింది. నలభై ఏళ్లు పట్టేసిన తలుపు ఎక్కడా ఆగకుండా వెళ్లి మూసుకుంది. దాన్ని మళ్లీ తెరవడానికి ఆవిడకు చెయ్యి రాలేదు.

దూలం మీద ఆ తుప్పు తాపీ, చుట్టిన గుడ్డతో, మూడు గాట్లతో, పెట్టినచోటే ఉంది. దాని మొనకు అంటిన సిమెంటు ఇంకా పచ్చిగానే ఉంది.