తలకిందులైన మఖమల్ ముక్క

వీధి నడిబొడ్డున ఉన్న పాత నాటకాల హాలు మూతపడ్డాక, అక్కడి కొట్లవాళ్ళకు మిగిలిన పని ఈగలు తోలుకోవడమే. హాలుకు ఎదురుగా కుట్టు మిషన్ పెట్టుకున్న టైలరమ్మ మాత్రం ఏం చేస్తుంది? నెలాఖరుకు కొట్టు ఖాళీ చేస్తానని యజమానికి మాటిచ్చేసింది. అంతలో దేవుడు పంపినట్టు, హాలును బాగుచేయిస్తున్న ఇంజనీరమ్మ వచ్చి, వేదికకు ఎర్ర మఖమల్ తెర కుట్టమంది. హాలు నిలబడితే వీధి నిలబడుతుంది, వీధి నిలబడితే కొట్టు. టైలరమ్మ, ఆవిడ తోటికోడలు తిండీ నిద్రా మరిచి కుట్టారు. తోటికోడలి చేతికంటే నోటికే పని ఎక్కువ, అది వేరే సంగతి.

సాయంత్రం మొదటి ఆట అనగా, పొద్దున లైట్లు వేసి చూశారు. తెరంతా ఎర్రగా మెరిసింది. నడిమి ముక్క ఒక్కటీ మసిగుడ్డలా నల్లగా కనిపించింది.

"ఇది వేరే గుడ్డా?" అంది ఇంజనీరమ్మ.

టైలరమ్మ దగ్గరికెళ్ళి తెరను పైనుంచి కిందికి నిమిరింది. మిగతా ముక్కల మీద చెయ్యి నున్నగా జారింది. ఆ ఒక్కదాని మీద నూగు ఎదురు తిరిగింది. అందుకే లైట్లలో అది నల్లబడింది. ఆవిడ ఆ ముక్కను తలకిందులుగా కుట్టేసింది, అదీ తన చేత్తోనే.

"నేనే కుట్టానండీ," అంది తోటికోడలు ఠక్కున. "అక్క చెప్తూనే ఉంది, నేనే వినలేదు."

టైలరమ్మ నోరెళ్ళబెట్టింది. ఇంట్లో చెంబు సొట్టపోయినా తప్పు అక్కదేనని తేల్చే మనిషి ఈవిడ!

"కాదండీ, అది నా పనే. సాయంత్రంలోగా విప్పి కుట్టేస్తాను," అంది టైలరమ్మ. కానీ అంత తెర ఇద్దరి చేతులతో తెమిలేది కాదని ఆవిడకు తెలుసు.

తోటికోడలు అప్పటికే వీధిలో నిలబడి గొంతెత్తింది. "ఏమండోయ్, ఎలాగూ బేరాల్లేవుగా! కత్తెరలు పట్టుకుని రండి!"

సెలూన్ ఆయన వచ్చాడు, ఇస్త్రీ దంపతులు వచ్చారు, చెప్పులు కుట్టే తాత వచ్చాడు. "తోలు కుట్టినవాణ్ణి, ఇది నాకో లెక్కా!" అంటూ తాత వేదిక మీదే బాసింపట్టు వేసుకుని కూర్చున్నాడు.

సాయంత్రం గంట మోగింది. తెర లేస్తుండగా జనం నటుల కోసం చూస్తుంటే, ఆ వీధివాళ్ళు పైకి పోతున్న తెర వంకే చూశారు. అంతా ఒకటే ఎరుపు. ఇంతమంది ఉండగా తానొక్కతే ఏడ్చి కొట్టు మూసుకోబోయినందుకు టైలరమ్మకు సిగ్గేసింది. వీళ్ళ రుణం ఏ జన్మకు తీరుతుందనుకుని కళ్ళు తుడుచుకుంది.

విరామంలో ముందు వరసలో ఒకాయన కోటు గుండీ ఊడింది. దగ్గర్లో కుట్టేవాళ్ళున్నారా అని అడుగుతున్నాడు. తోటికోడలు కొట్టు తాళంచెవి తెచ్చి టైలరమ్మ చేతిలో పెట్టింది.

"వెళ్ళి షట్టర్ తియ్యక్కా."

"ఇప్పుడా? సగం ఆట మిగిలుందే!"

"ఆట ఎక్కడికి పోతుంది? రేపూ ఉంటుందిగా!"

టైలరమ్మ లేచింది. మెట్ల దగ్గర కొట్టు యజమాని ఎదురయ్యాడు. ఖాళీ చెయ్యనని చెప్పడానికి ఒక్క క్షణం ఆగి, గబగబా వీధి దాటింది.